యుద్ధం ముగిశాక ముందు ఎవరు ఇంటికి? సైనికుల వరుస తేల్చే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

యుద్ధం ఎలా మొదలైందో, ఎవరు గెలిచారో మన పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. గెలిచిన మర్నాటి సంగతి పెద్దగా ఉండదు. లక్షల మంది సముద్రాల అవతల ఉన్నారు, తుపాకుల మోత ఆగింది, ప్రతి ఒక్కడూ అడిగేది ఒక్కటే: నా వంతు ఎప్పుడు? ఈ ప్రశ్నకు సరైన జవాబు చెప్పలేక గెలిచిన ప్రభుత్వాలే తమ సైన్యం ముందు తలదించుకోవాల్సి వచ్చింది. చరిత్ర పాఠంలో పిల్లలకు తప్పకుండా చెప్పాల్సిన భాగం ఇదేనని నా గట్టి నమ్మకం. ఎందుకంటే ఇక్కడ ఉన్నది న్యాయంగా వరుస పెట్టడం ఎలా అన్న సమస్య. అది రేషన్ షాపు నుంచి ఇళ్ల పట్టాల దాకా మన ఊళ్లలో రోజూ ఎదురయ్యేదే.

మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నల్గొండ, సూర్యాపేట వైపు సోషల్ టీచర్లు, ఎన్‌సీసీ చూసేవాళ్లు, డిగ్రీ చరిత్ర విద్యార్థులు రెండు పీరియడ్లలో చేయదగ్గ అభ్యాసంగా దీన్ని రాస్తున్నాను. కాలం 1945 మే నెల అనుకోండి. మీ తరగతి ఒక కమిటీ. ఎదుట మన జిల్లాల నుంచి వెళ్లిన ఆరుగురు సైనికులు ఉన్నారు. వాళ్లు నేను కల్పించినవాళ్లు. మిగతా ప్రభుత్వాలు, నియమాలు, తేదీలు అన్నీ నిజంగా జరిగినవే.

కావలసినవి నల్లబోర్డు, పోస్టుకార్డంత అట్ట ముక్కలు ఆరు, పిల్లలు గట్టిగా వాదించుకుంటుంటే కాసేపు మాట్లాడకుండా ఉండగల ఓపిక.

మొదటి అంచె: ముందు బెర్తులు లెక్కపెట్టండి

పిల్లలు మొట్టమొదట అనే మాట, "అందర్నీ ఒకేసారి పంపేస్తే పోలా?" మంచి ప్రశ్న, దాటవేయకండి. పంపలేకపోవడానికి కారణాలు బోర్డు మీద రాయించండి. ఓడలు చాలవు. ఓడిన దేశంలో కాపలాకు మనుషులు కావాలి. సామాను, మందుగుండు అప్పజెప్పాలి. ఆస్పత్రుల్లో ఉన్నవాళ్లను చూసుకోవాలి. పైగా 1945 మే 8న జర్మనీ లొంగిపోయినా జపాన్‌తో యుద్ధం ఆగస్టు దాకా సాగింది. అంటే సగం యుద్ధం అయిపోయింది, సగం నడుస్తోంది. సైనికుణ్ణి ఇంటికి పంపాలా, ఇంకో యుద్ధరంగానికి పంపాలా అన్నది కూడా ఈ వరుసే తేల్చాలి.

అమెరికా సైన్యం, నౌకాదళం అన్నీ కలిపి 1945లో కోటీ 20 లక్షల మంది. రెండేళ్లు తిరిగేసరికి ఆ సంఖ్య 20 లక్షల లోపుకు దిగింది. ఇంతమందిని తరలించడానికి సరుకు ఓడల్లో మంచాలు బిగించారు, విమానాలు మోసే యుద్ధనౌకల లోపల కూడా బంకులు వేశారు. ఆ తరలింపుకు 'మ్యాజిక్ కార్పెట్' అని పేరు పెట్టారు. అంత చేసినా నెలల తరబడి పట్టింది. కాబట్టి ఎవరో ఒకరు ఆఖర్న ఉండక తప్పదు. ఈ సంగతి తరగతి ఒప్పుకున్నాకే రెండో అంచెకు వెళ్లండి. ఒప్పుకోకుండా ముందుకు పోతే ప్రతి అంచెలోనూ మళ్లీ ఇక్కడికే వస్తారు.

మీ అభ్యాసానికి ఒక నియమం పెట్టండి: ఓడలో మన ఆరుగురిలో ఇద్దరికే చోటు, తర్వాతి ఓడ రెండు నెలలకు.

రెండో అంచె: ఎలా చేయకూడదో ముందు చూడండి

బ్రిటన్ మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో వేసిన పథకం కాగితం మీద చాలా తెలివైనది. దేశంలో ఫ్యాక్టరీలు మళ్లీ నడవాలి, కాబట్టి పరిశ్రమకు కీలకమైన మనుషులను ముందు వదలాలి. ఉద్యోగం సిద్ధంగా ఉందని యజమాని చీటీ రాసిస్తే ఆ సైనికుడికి ముందు వంతు. వింటే తప్పేముంది అనిపిస్తుంది. తప్పెక్కడో తరగతినే కనిపెట్టమనండి. కాసేపు తన్నుకులాడినా వెనక బెంచీ నుంచి ఎవరో ఒకరు పట్టుకుంటారు: యజమానికి గుర్తున్నవాడు ఎవడు? నిన్నమొన్నటి దాకా పనిలో ఉండి, యుద్ధం చివర్లో సైన్యంలోకి లాక్కోబడినవాడు. నాలుగేళ్ల కింద మొదటి రోజే చేరినవాణ్ణి యజమాని మరిచిపోయి ఉంటాడు, వాడి స్థానంలో ఇంకొకణ్ణి పెట్టుకుని ఉంటాడు. అంటే ఆఖర్న వచ్చినవాడు ముందు పోతాడు, మొదట వచ్చినవాడు కందకంలోనే ఉంటాడు.

మన దగ్గర ఐకేపీ కొనుగోలు కేంద్రంలో వడ్లు పోసిన రైతుకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పదిహేను రోజుల కింద కుప్ప పోసి, తేమ 17 శాతానికి దించి, టార్పాలిన్ కప్పుకుని కావలి పడుకున్నవాడు అక్కడే ఉండగా నిన్న పోసినవాడి కుప్పకు గన్నీ సంచులు, లారీ వచ్చేస్తే ఏమవుతుంది? ఆలస్యాన్ని ఆ రైతు ఎలాగో ఓర్చుకుంటాడు. పైరవీని ఓర్చుకోడు.

వాళ్లూ ఓర్చుకోలేదు. 1919 జనవరి 3న ఫోక్‌స్టన్ రేవులో వేలమంది సైనికులు మళ్లీ ఫ్రాన్స్ వెళ్లే ఓడలు ఎక్కబోమని ఎదురుతిరిగారు. అది చుట్టుపక్కల శిబిరాలకు పాకింది. ఆ నెలాఖరుకు ఫ్రాన్స్‌లోని కాలే రేవులోనూ తిరుగుబాటు లేచింది. ఆ జనవరిలోనే యుద్ధ మంత్రిగా వచ్చిన చర్చిల్ పాత పథకాన్ని పక్కన పెట్టాడు. 1916కు ముందు చేరినవాళ్లు, వయసు మీరినవాళ్లు, పలుమార్లు గాయపడినవాళ్లు ముందు పోవాలని మార్చాడు. ఇంతా చేసి కొత్త నియమం పాతదానికంటే పెద్ద తెలివైనదేమీ కాదు. ఫ్యాక్టరీల సంగతి అందులో దాదాపు లేదు. కానీ సైనికుడికి అర్థమైంది. అందుకే గొడవ చల్లబడింది.

ఓడల కొరతకు బలైనవాళ్లూ ఉన్నారు. 1919 మార్చిలో వేల్స్‌లోని కిన్‌మెల్ పార్క్ శిబిరంలో ఓడల కోసం ఎదురుచూస్తున్న కెనడా సైనికుల మధ్య అల్లర్లు చెలరేగాయి, ఐదుగురు చచ్చిపోయారు. యుద్ధం గెలిచి, బతికి బయటపడి, ఇంటికి పోయే దారిలో చచ్చిపోయారు. తరగతిలో ఈ మాట చెప్పాక ఒక్క నిమిషం ఆగండి.

మూడో అంచె: సైనికుణ్ణే అడగండి

రెండో యుద్ధం వచ్చేసరికి బ్రిటన్‌కూ అమెరికాకూ ఈ పాఠం బుర్రకెక్కింది. అమెరికా సైన్యం యుద్ధం ముగియకముందే తన సైనికుల మధ్య సర్వేలు చేయించింది. శామ్యూల్ స్టౌఫర్ అనే సామాజిక శాస్త్రవేత్త నాయకత్వంలో ఒక పరిశోధన విభాగమే పెట్టుకుంది. ముందు ఎవరు పోవాలి, ఏ కష్టానికి ఎంత బరువు ఇవ్వాలి అని మామూలు జవాన్లను అడిగారు. వాళ్లు చెప్పినదాన్ని బట్టే నియమం తయారైంది.

మీ తరగతిలోనూ ఇదే చేయండి, ఒక చిన్న మెలికతో. ఆరుగురి వివరాలు చూపించక ముందే పిల్లల చేత నియమం రాయించండి. ఎవరెవరో తెలిశాక రాస్తే ప్రతివాడూ తన ఊరివాడికి కలిసొచ్చేలా రాస్తాడు. ఇది పిల్లల తప్పు కాదు, కమిటీల్లో కూర్చునే పెద్దలూ చేసేది అదే. అందుకే కొలబద్ద ముందు, పేర్లు తర్వాత.

నాలుగో అంచె: కొలబద్దలు

మూడు దేశాల లెక్కలు బోర్డు మీద పక్కపక్కన రాయండి.

అమెరికా లెక్క 1945 మేలో బయటికొచ్చింది. 1940 సెప్టెంబరు 16 తర్వాత సర్వీసులో గడిచిన ప్రతి నెలకు 1 పాయింటు. అందులో విదేశంలో గడిచిన ప్రతి నెలకు ఇంకో పాయింటు. పాల్గొన్న ఒక్కో పోరుకు ఇచ్చే నక్షత్రానికి, గాయానికి ఇచ్చే పతకానికి, సాహస పతకానికి తలా 5. పద్దెనిమిదేళ్ల లోపు బిడ్డకు 12 చొప్పున ముగ్గురి దాకా. మొత్తం 85కు చేరితే ఇంటికి అర్హత. పెళ్లికి పాయింట్లు లేవు, వయసుకు లేవు.

బ్రిటన్ లెక్క ఇంకా సులువు. కార్మిక మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ దీన్ని 1944 సెప్టెంబరులోనే, అంటే యుద్ధం ఇంకా నడుస్తుండగానే, ప్రజల ముందు పెట్టాడు. చూసేవి రెండే: వయసు, సర్వీసు. రెండు నెలల సర్వీసు ఒక ఏడాది వయసుతో సమానం. ఆ రెండూ కలిపి ప్రతి ఒక్కరినీ ఒక నంబరు గ్రూపులో వేశారు. 1945 జూన్ 18న మొదటి గ్రూపులు కదిలాయి.

సోవియట్ యూనియన్ ఇంకా సూటిగా పోయింది. 1945 జూన్ 23 చట్టంతో పెద్ద వయసు తరగతులు పదమూడింటిని ముందు వదిలింది.

కెనడా నెలనే లెక్కగా తీసుకుని, స్వదేశంలో అయితే 2, బయట అయితే 3 పాయింట్లు ఇచ్చి, పెళ్లైనవాళ్లకు కొంత కలిపింది. దీన్ని చెప్పి వదిలేయండి, లెక్కలు చేయించక్కర్లేదు.

ఇప్పుడు పిల్లలను అడగాల్సిన అసలు ప్రశ్న: ఇందులో ప్రతి అంశానికీ రుజువు ఎక్కడుంది? ఎవరి చేతిలో ఉంది? సర్వీసు నెలలు సైన్యం రికార్డులోనే ఉంటాయి. చేరిన తేదీని ఎవరూ మార్చలేరు. వయసు అలా కాదు. ఆ రోజుల్లో మన పల్లెల్లో పుట్టిన తేదీ తెలిసినవాళ్లు ఎందరు? కరువు ఏడాది పుట్టాడనో, ఫలానా జాతర ముందు పుట్టాడనో చెప్పేవాళ్లు. అలాంటి మనిషి భర్తీకి నిలబడితే అక్కడి గుమాస్తా ముఖం చూసి వేసిన అంకె జీవితాంతం అతని వయసు. బ్రిటన్ లెక్కలో ఆ అంకె రెండేళ్లు తప్పితే నాలుగు నెలల సర్వీసు పోయినట్టే.

పిల్లల లెక్క ఇంకా చిక్కు. నిజాం కాలంలో ఊళ్లో కాగితం పుట్టాలంటే పటేలు, పట్వారీ చేతి మీదుగా పుట్టాలి. ఇంతమంది పిల్లలున్నారని రాసివ్వమంటే ఆ చీటీ ఊరికే వస్తుందా? ఊళ్లో మాట చెల్లేవాడికి ముగ్గురు పిల్లలూ చీటీలోకి ఎక్కుతారు, మాదిగవాడల్లోని మనిషికి పట్వారీ గుమ్మం ముందు పడిగాపులు మిగులుతాయి. నియమం ఎంత దయగలదైనా రుజువు అడిగే చోట అది ఎవరి చేతికి చిక్కుతుందో ముందే చూసుకోవాలి. నా అభిప్రాయం ఇది: సైన్యం దగ్గర అప్పటికే రాసి ఉన్నవాటికి ఎక్కువ బరువు ఇవ్వండి, ఊరి నుంచి కొత్తగా తెప్పించాల్సినవాటికి తక్కువ ఇవ్వండి.

ఐదో అంచె: ఆరుగురి లెక్క వేయండి

ఇప్పుడు అట్ట ముక్కలు తియ్యండి. ఒక్కో దాని మీద ఒక్కరిని రాయండి.

దేవరకొండ కుర్రాడు: వయసు 22. సర్వీసు 48 నెలలు, అందులో విదేశంలో 36. పోరు నక్షత్రాలు 2. పెళ్లి కాలేదు.

కొల్లాపూర్ మనిషి: వయసు 40. సర్వీసు 12 నెలలు, విదేశంలో 6. ముగ్గురు పిల్లలు.

మిర్యాలగూడ మనిషి: వయసు 28. సర్వీసు 30, విదేశంలో 24. నక్షత్రం 1, గాయం 1. ఒక బిడ్డ.

మక్తల్ మెకానిక్: వయసు 24. సర్వీసు 36, అంతా దేశంలోనే ఒక డిపోలో. ఇద్దరు పిల్లలు.

హుజూర్‌నగర్ మనిషి: వయసు 33. సర్వీసు 20, విదేశంలో 10. పిల్లలు లేరు. ఇంట్లో చూపు పోయిన తల్లి, పెళ్లి కావాల్సిన ముగ్గురు చెల్లెళ్లు.

అచ్చంపేట కుర్రాడు: వయసు 19. సర్వీసు 10, విదేశంలో 8. నక్షత్రం 1.

అమెరికా లెక్కతో మొదలుపెట్టండి. దేవరకొండ: 48కి 36 కలిపితే 84, నక్షత్రాలకు 10, మొత్తం 94. మిర్యాలగూడ: 30, 24, నక్షత్రానికి 5, గాయానికి 5, బిడ్డకు 12, వెరసి 76. మక్తల్: 36కి పిల్లల 24 కలిపి 60. కొల్లాపూర్: 12, 6, పిల్లలకు 36, మొత్తం 54. హుజూర్‌నగర్ 30. అచ్చంపేట 23. గీత 85 దగ్గర ఉంది కాబట్టి ఓడ ఎక్కే హక్కు ఒక్క దేవరకొండ కుర్రాడికే.

అదే బోర్డు మీద పక్కన బ్రిటన్ లెక్క. దేవరకొండ: వయసు 22, సర్వీసు 48 నెలలంటే 24 ఏళ్లు, మొత్తం 46. కొల్లాపూర్: 40కి 6 కలిపి 46. ఇద్దరూ ఒకే గ్రూపు! మిర్యాలగూడ 28, 15 కలిపి 43. హుజూర్‌నగర్ 33, 10 కలిపి అదీ 43. మక్తల్ 24, 18 కలిపి 42. అచ్చంపేట 19, 5 కలిపి 24.

ఇక్కడ తరగతిని వాదించుకోనివ్వండి, తొందరపెట్టకండి. వాళ్లు పట్టుకోవాల్సిన మెలికలు కొన్ని ఉన్నాయి. ఒక లెక్కలో కొల్లాపూర్ మనిషి ముందు వరుసలో ఉన్నాడు, ఇంకో లెక్కలో నాలుగో వాడు. మనిషి అదే, కష్టం అదే. మక్తల్ మెకానిక్ దేశం దాటనే లేదు, అయినా పిల్లల పాయింట్లతో విదేశంలో ఆర్నెల్లు గడిపిన కొల్లాపూర్ మనిషిని దాటేశాడు. మిర్యాలగూడ మనిషికి ఒంట్లో గాయం ఉంది. అమెరికా లెక్కలో దానికి విలువ 5, అంటే బిడ్డ విలువలో సగం కూడా కాదు. బ్రిటన్ లెక్కలో అసలు లేదు.

అమెరికా సైనికుల్లోనూ ఇలాంటి గొణుగుడే ఉండేది. విమాన దళంలో పతకాలు తేలిగ్గా పోగయ్యేవి కాబట్టి వాళ్ల పాయింట్లు చకచకా పెరిగాయి. బురదలో నడిచి పోరాడిన పదాతి సైనికుడికి ఇచ్చే ప్రత్యేక బ్యాడ్జీకి మాత్రం ఒక్క పాయింటూ లేదు.

నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది హుజూర్‌నగర్ మనిషి కార్డు. ఇల్లంతా అతని మీదే ఆధారపడింది, అయినా ఏ లెక్కలోనూ ఆ తల్లి, ఆ చెల్లెళ్లు కనబడరు. పిల్లలకు మాత్రమే పాయింట్లు పెట్టినవాళ్ల మనసులో ఉన్నది భార్య, భర్త, పిల్లలు ఉండే కుటుంబం. మన ఇళ్లలో కొడుకు మీద బరువు పెళ్లితో మొదలవ్వదు, తండ్రి పోయిన రోజున మొదలవుతుంది. మీ తరగతి సొంత నియమం రాసేటప్పుడు ఈ బరువును కొలిచే దారి వెతకమనండి. వెతికితే రుజువు గొడవ మళ్లీ వస్తుంది. చెల్లెళ్లు ముగ్గురా ఐదుగురా అని రాసేది మళ్లీ పట్వారీయే కదా. సైన్యం ద్వారా నెలనెలా జీతంలోంచి ఇంటికి ఎవరి పేరున డబ్బు పంపుతున్నాడో చూడాలని ఒక దారి చెప్పొచ్చు. అది రికార్డులో ఉంటుంది, యుద్ధం ముగిశాక కొత్తగా పుట్టించలేరు. ఇలాంటి జవాబు పిల్లల నోటి నుంచి వస్తే ఆ పీరియడ్ ధన్యం.

సమాన పాయింట్లు వచ్చినప్పుడు ఏం చేయాలో కూడా ఇప్పుడే రాసుకోండి. ముందు చేరినవాడు ముందు అన్నది సులువు. చీటీ తీయడమూ తప్పు కాదు, అందరి ముందు తీస్తే.

ఆరో అంచె: మినహాయింపులు, వాటి ఖరీదు

వరుస బయట పంపాల్సినవాళ్లు తప్పకుండా ఉంటారు. యుద్ధ ఖైదీలు మొదటివాళ్లు. ఇది మనకు దూరపు సంగతి కాదు. హైదరాబాద్ సంస్థానం ఫౌజుకు చెందిన ఒకటో హైదరాబాద్ పటాలం మలయాలోని కోట భారు విమానాశ్రయం కాపలాలో ఉండగా 1941 డిసెంబరు 8న జపాన్ సేనలు అక్కడ దిగాయి. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయింది. అక్కడ చిక్కిన భారతీయ సైనికులు మూడున్నరేళ్లు చెరలో గడిపారు. వాళ్ల పాయింట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం అమానుషం. వైద్యుడు చూడాలి, తిండి పెట్టాలి, ప్రయాణానికి ఒళ్లు నిలబడగానే పంపాలి. ఆస్పత్రి గాయాలవాళ్లదీ అంతే. ఇంట్లో చావుబతుకుల కబురు వచ్చినవాడికి వేరే దారి ఉండాలి, దాని మీద సంతకం ఒకే అధికారి చేతిలో ఉండాలి.

కష్టమైన మినహాయింపు పనిమంతులది. 1919లో తగలబడింది దీనితోనే. కానీ బాంబులు పడిన దేశానికి ఇళ్లు కట్టేవాళ్లు కావాలి, ఆ అవసరం అబద్ధం కాదు. బెవిన్ పథకం దీనికి ఒక చక్కని ఉపాయం చేసింది. మామూలు వరుసలో వచ్చేది 'ఏ' తరగతి, అవసరం కొద్దీ ముందు పిలిచే పనిమంతులది 'బి' తరగతి. 'ఏ' వాళ్లకు జీతంతో 56 రోజుల సెలవు. 'బి' వాళ్లకు 21 రోజులే. పైగా చెప్పిన పనిలోనే చేరాలి, మానేస్తే మళ్లీ సైన్యంలోకి పిలవొచ్చు. ముందు పోయేవాడు ఏదో ఒకటి వదులుకుని పోతున్నాడని వెనక నిలబడ్డవాడికి కనబడింది. మన మక్తల్ మెకానిక్‌ను లారీలు బాగుచేయడానికి ముందు పిలవాలని తరగతి అంటే, అతను ఏం వదులుకోవాలో కూడా రాయమనండి. రాయలేకపోతే అది పైరవీ.

ఏడో అంచె: బయటపెట్టండి, ఆ తర్వాత కదపకండి

నియమం రహస్యంగా ఉంటే లేనట్టే. ప్రతి కార్డు మీద ఆ మనిషి పాయింట్లు ఎలా వచ్చాయో కూడికతో సహా రాయించండి. సైనికుడు తన చేత్తో కూడుకుని చూసుకోగలగాలి. పక్కవాడిదీ కూడి చూడగలగాలి. తప్పుంటే ఎవరి దగ్గరికి పోవాలో, ఎన్ని రోజుల్లో జవాబు రావాలో కార్డు వెనక ఉండాలి.

గీత ఒకసారి గీశాక దాన్ని కిందకి దించొచ్చు, పైకి ఎత్తకూడదు. అమెరికా 85ను జపాన్ లొంగాక 80కి దించింది, అక్టోబరులో 70, నవంబరులో 60, ఆ తర్వాత ఇంకా తగ్గించింది. దించినంత కాలం అందరూ నెలలు లెక్కపెట్టుకుంటూ ఓర్చుకున్నారు. 1946 జనవరి మొదట్లో మాత్రం విదేశాల్లో కాపలాకు మనుషులు చాలడం లేదని, ఇంటికి పంపడం మందగిస్తుందని ప్రకటన వచ్చింది. వెంటనే మనీలాలో వేలమంది సైనికులు వీధుల్లోకి వచ్చారు. ఇటు అమెరికాలో భార్యలు సంఘాలు కట్టి, నాన్నను పంపమని చట్టసభ సభ్యులకు పసిపిల్లల బూట్లు పోస్టు చేశారు.

ఎనిమిదో అంచె: ఆఖర్న మిగిలినవాళ్ల సంగతి

చాలామంది ఈ అంచె మరిచిపోతారు. జాబితా తయారైతే పని అయిపోయిందనుకుంటారు. గొడవ మొదలయ్యేది నిజానికి ఇక్కడే. ఓడ ఎక్కినవాడికి ఏ బాధా లేదు. అచ్చంపేట కుర్రాడు శిబిరంలో పొద్దున కవాతు, సాయంత్రం కవాతు చేస్తూ, ఎందుకు చేస్తున్నాడో తెలియక కూర్చుంటాడు.

1946 జనవరిలో కరాచీ దగ్గర డ్రిగ్ రోడ్‌లో బ్రిటిష్ వైమానిక దళం సిబ్బంది పని ఆపేశారు. ఇంటికి పంపడంలో జాప్యం వాళ్ల మొదటి ఫిర్యాదు. అది మన దేశంలోని మిగతా స్థావరాలకూ పాకింది. నెల తిరిగేసరికి, ఫిబ్రవరి 18న, బొంబాయిలో తల్వార్ నౌకా స్థావరంలో భారతీయ నావికులు తిరగబడ్డారు. దాని వెనక స్వాతంత్ర్య కాంక్ష ఉంది, నాసిరకం తిండి ఉంది, తెల్ల అధికారుల తిట్లు ఉన్నాయి. విడుదలై బయటికి పోతే బతుకేమిటన్న టెన్షన్ కూడా ఉంది. పాతిక లక్షల మందికి చేరిన భారత సైనిక బలగం చిక్కిపోతున్న రోజులవి.

దీనికి మంచి ఉదాహరణ ఆస్ట్రేలియా నుంచి తీసుకోండి. మొదటి యుద్ధం ముగిశాక తమ సైనికులను ఇంటికి చేర్చే బాధ్యత జనరల్ జాన్ మోనాష్‌కు అప్పగించారు. ఎక్కువ కాలం సేవ చేసినవాళ్లు ముందు అన్నది ఆయన మూల సూత్రం, కుటుంబ బాధ్యతలు కూడా చూశాడు. ఎదురుచూసేవాళ్లకు బళ్లు, వృత్తి శిక్షణ, ఫ్యాక్టరీల్లో పొలాల్లో పని నేర్చుకునే ఏర్పాటు జరిగింది. ప్రపంచం అవతలి కొసకు పోవాల్సిన సైన్యం అది. ఓడల కోసం నెలల తరబడి ఎదురుచూడక తప్పలేదు, ఆ నెలలు వృథా పోలేదు.

మీ తరగతిలో ఇద్దర్ని అచ్చంపేట కుర్రాడి పక్షాన నిలబెట్టండి. మిగిలే నెలల్లో అతనికి ఏం కావాలో వాళ్లు అడగాలి. చదువు రాకపోతే అక్షరాలు, డ్రైవింగ్, ఇంటికి ఉత్తరం రాసిపెట్టే మనిషి, రాబోయే ఓడ తేదీ. కమిటీ ప్రతిదానికీ అవునో కాదో చెప్పాలి. "చూద్దాం" అనే జవాబును ఒప్పుకోకండి.

తొమ్మిదో అంచె: రేవు నుంచి ఊరి దాకా

ఓడ బొంబాయికో మద్రాసుకో చేరితే ఇల్లు చేరినట్టు కాదు. 1945 మ్యాపు తీయండి. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా కర్నూలుకు మీటర్ గేజ్ రైలు అప్పటికే నడుస్తోంది. కొల్లాపూర్ మనిషి ఆ లైనులో దిగి మిగతా దారి బండి మీదో నడిచో పోవాలి. నల్గొండ పట్టణానికి అప్పటికి రైలే లేదు, ఆ లైను 1970ల తర్వాతి మాట. దేవరకొండకు, హుజూర్‌నగర్‌కు రోడ్డే దిక్కు. నిజాం రైల్వే వాళ్ల రోడ్డు రవాణా శాఖ 1932 నుంచి బస్సులు నడుపుతున్నా అవి అన్ని ఊళ్లకూ పోవు. ఒకే ఓడలో దిగిన ఇద్దరిలో ఒకడు రెండు రోజుల్లో గడప తొక్కితే ఇంకొకడు దారిలో సత్రాల్లో పడుకుంటాడు. సైన్యం ఇచ్చే ప్రయాణపు ఖర్చు ఆఖరి స్టేషన్ దాకానా, ఇంటి దాకానా అన్నది కూడా కమిటీయే తేల్చాలి.

ఊరు కూడా వాళ్లు వదిలిపెట్టినట్టు లేదు. యుద్ధకాలంలో లెవీ ధాన్యం పేరుతో రైతుల గాదెలు ఊడ్చారు. వెట్టి, భూముల గుంజుడు నల్గొండ జిల్లాలో జనాన్ని రగిలిస్తున్నాయి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చి చంపాక ఆ పోరాటం ఊరూరా అంటుకుంది. మిర్యాలగూడ మనిషి తిరిగొచ్చి తన చెలక ఎవరి సాగులో ఉందో చూసుకునే సమయం అదే. విడుదల కార్డుతో పాటు అతని చేతికి ఏం ఇచ్చి పంపాలి, కౌలుకిచ్చిన భూమి గురించి అడిగే దారి ఏది, గాయానికి పింఛను ఎక్కడ తీసుకోవాలి అన్నవి ఓడ ఎక్కకముందే రాసిపెట్టాలి.

అందుకే ప్రతి అట్ట ముక్క కింద మూడు గీతలు ఖాళీగా వదిలి, రెండో పీరియడ్ చివర్లో నింపించండి. మొదటిదాని మీద అతను దిగే ఆఖరి స్టేషన్ లేదా బస్సు మజిలీ, అక్కడి నుంచి ఇంటికి ఎంత దూరం. రెండోదాని మీద ఇంటికి కబురు ఎవరి పేరున పోవాలి, ఆ కబురు వాళ్లకు చదివి వినిపించేది ఎవరు. మూడోదాని మీద అతని బకాయి జీతం, పింఛను తీసుకునే కచేరీ ఏ తాలూకాలో ఉంది. ఈ మూడూ నింపిన కార్డునే ఓడ జాబితాలో పెట్టండి. ఏదైనా ఖాళీగా ఉంటే దాన్ని నింపే పని కమిటీలో ఒకరికి పేరు పెట్టి అప్పగించండి, రెండు నెలల తర్వాతి ఓడ దాకా గడువు ఇవ్వండి.